ఆ 'వేరే చోటు' ఎవరిది?

కొంతకాలం క్రితం పటాన్‌చెరు పారిశ్రామికవాడ చుట్టుపక్కల బస్తీల స్త్రీలతో పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ ఒకరోజు శిక్షణ తరగతి పెట్టింది. మధ్యాహ్నం భోజనాల తరువాత ఒక ఇంజనీరు వచ్చి, రసాయనాలు ఇంకిన మన్నును తవ్విపోయకుండానే శుభ్రం చేసే పద్ధతి గురించి తెరమీద బొమ్మలు వేసి వివరించారు. నేలలోకి దింపిన చిల్లుల గొట్టాలు, వాటన్నిటినీ కలిపే ఒక పంపు, పంపు పక్కన ఆకాశంలోకి లేచిన మరో పొడవాటి గొట్టం. మన్నులో దాగిన విషపు ఆవిరిని పంపు లాగేస్తుంది, నేల శుభ్రపడుతుంది. బొమ్మ చాలా ముచ్చటగా ఉంది.

వెనక వరసలో కూచున్న ఒకామె లేచి, "సారూ, గా పెద్ద గొట్టంలకెల్లి వచ్చేది ఏడికి పోతది? మల్ల మా ఇండ్ల మీదికేనా?" అని అడిగింది.

కొందరు నవ్వారు. ఇంజనీరు నవ్వలేదు. మంచి ప్రశ్న అడిగారమ్మా అని, ఆ గొట్టానికి ముందు బొగ్గు నింపిన డ్రమ్ములుంటాయనీ, ఆవిరిని అవి పట్టేసుకుంటాయనీ చెప్పారు. ఆమె కూర్చోలేదు. "మరి గా బొగ్గు నిండినంక?" "దాన్ని వేరే చోటికి పంపిస్తారు." "ఆ వేరే చోట ఎవ్వలుంటరు సారూ?"

అప్పటికి టీలు వచ్చాయి. ప్రశ్న అక్కడే ఆగిపోయింది. నాకు మాత్రం ఆ ప్రశ్న ఇంటికొచ్చాక కూడా వదల్లేదు. ఎందుకంటే ఇరవై ఏళ్ళుగా పర్యావరణం గురించి మాట్లాడుతున్న మాలాంటి వాళ్ళం కూడా చాలాసార్లు "ఈ విషాన్ని ఇక్కడినుంచి తీసెయ్యండి" అన్నదగ్గరే ఆగిపోయాం. తీసి ఎక్కడ పెడతారు, అక్కడ ఎవరున్నారు అని అడగలేదు. సాంకేతిక విషయాలు ఇంజనీర్లకు వదిలేసి, మనం బాధితుల లెక్కలు రాసుకోవడంతో సరిపెట్టుకున్నాం. అందుకే ఈ వ్యాసంలో ముందు ఆ పద్ధతి ఏమిటో, తరువాత అది నడిచిన చోట స్త్రీలకు ఏం జరిగిందో చూసి, మనం ఏం అడగాలో చర్చించాలనుకుంటున్నాను.

మన్నులోంచి ఆవిరిని లాగడం

బట్టల పెట్టెలో వేసిన కలరా ఉండలు కొన్నాళ్ళకు చిక్కిపోయి మాయమవుతాయి. అవి ఎక్కడికీ పోలేదు, గాలిలో కలిశాయి. నేలమీద ఒలికిన కిరసనాయిలు కూడా అంతే. కొన్ని రసాయనాలకు ఇలా తేలిగ్గా ఆవిరయ్యే గుణం ఉంటుంది. పెట్రోలులో ఉండే బెంజీన్, టోలుయిన్, లోహపు భాగాలమీది జిడ్డు కడగడానికి వాడే ట్రైక్లోరోఎథిలీన్, డ్రైక్లీనింగ్‌లో వాడే పెర్‌క్లోరోఎథిలీన్, మందుల తయారీలో వాడే మిథిలీన్ క్లోరైడ్, క్లోరోఫాం ఈ కోవలోవే. ఫ్యాక్టరీ ట్యాంకులు కారినా, వాడిన ద్రావకాన్ని గుంటల్లో పారబోసినా ఇవి మన్నులోకి దిగుతాయి. కొంత ద్రవంగా, కొంత మట్టిరేణువులకు అంటుకుని, కొంత మట్టి సందుల్లోని గాలిలో ఆవిరిగా ఉంటాయి.

భూగర్భ జలమట్టానికి పైనున్న మన్నులో చిల్లుల గొట్టాలు దింపి పంపుతో గాలిని లాగితే, ఆ లాగుడుకు మన్నులోని ఆవిరి గొట్టంలోకి వస్తుంది. ఆ ఖాళీలోకి కొత్త గాలి చేరి, మట్టికి అంటుకుని ఉన్న రసాయనం మరికొంత ఆవిరవుతుంది. ఇలా నెలలు, ఏళ్ళు లాగుతారు. దీన్నే ఇంజనీర్లు సాయిల్ వేపర్ ఎక్స్‌ట్రాక్షన్ అనీ, సాయిల్ వెంటింగ్ అనీ అంటారు. వచ్చిన ఆవిరిని బొగ్గులోకి పట్టడమో, కాల్చేయడమో చేయాలి. ఏదీ చేయకుండా గొట్టం ద్వారా పైకి వదిలేస్తే మన్నులో ఉన్నది మన ముక్కులోకి వస్తుంది, అంతే.

పద్ధతి మంచిదే. లారీలకొద్దీ మన్ను తవ్వి దారిపొడుగునా దుమ్ము రేపాల్సిన పని లేదు. అయితే పరిమితులున్నాయి. గాలి ఆడే ఇసుక నేలల్లో బాగా పనిచేస్తుంది, జిగట నేలల్లో, తడి నేలల్లో గాలి కదలదు. ఉప్పునీళ్ళు మరిగిస్తే నీళ్ళు పోతాయి గాని ఉప్పు అడుగునే మిగులుతుంది గదా! అలాగే సీసం, ఆర్సెనిక్ లాంటివి గాలి లాగితే రావు. ఇంకో సంగతి ఉంది. పంపు తిరుగుతున్నంతకాలం లెక్కలు తగ్గుతూ వచ్చి, ఆపిన కొన్ని వారాలకు మళ్ళీ పెరగవచ్చు. ఎందుకంటే జిగట పొరల్లో ఇరుక్కున్న రసాయనం నెమ్మదిగా బయటికి వస్తుంది. కాబట్టి పంపు ఆపిన రోజు తీసిన ఒక్క పరీక్ష చూపించి "శుభ్రమైపోయింది" అని ఎవరైనా అంటే నమ్మనక్కరలేదు.

మన్నుకు పదహారు నెలలు

ఆ రోజు తెరమీద చూపించిన బొమ్మ కాలిఫోర్నియాది. ఈ పద్ధతిని పెద్ద ఎత్తున వాడిన చోట్లలో సిలికాన్ వ్యాలీ ఒకటి. కంప్యూటర్ చిప్పుల తయారీ పొగగొట్టాలు లేని పరిశ్రమ అనీ, శుభ్రమైన పరిశ్రమ అనీ ఒకప్పుడు గొప్పగా చెప్పుకున్నారు. కాని ఆ చిప్పులను కడిగేది ద్రావకాలతోనే. ఇవాళ ఆ ఒక్క శాంటాక్లారా కౌంటీలోనే అమెరికా ప్రభుత్వం సూపర్‌ఫండ్ జాబితాకెక్కించిన ప్రమాదకర స్థలాలు 23 ఉన్నాయి.

శాన్ హోసే నగరం దక్షిణాన ఉన్న ఫెయిర్‌చైల్డ్ కంపెనీ చిప్పుల ఫ్యాక్టరీలో నేలకింద ట్యాంకు కారిందని 1981 చివర్లో బయటపడింది. 2 లక్షల లీటర్లకు పైగా ద్రావకాలు మన్నులోకి దిగాయి. దాదాపు 2 వేల అడుగుల దూరంలో ఉన్న తాగునీటి బావిలో ట్రైక్లోరోఈథేన్ తేలింది. 1982 జనవరిలో ఈ వార్త పేపర్లో చదివిన ఒక గృహిణి, గుండెలోపంతో పుట్టిన తన బిడ్డ సంగతి గుర్తుచేసుకుని, ఇరుగుపొరుగు ఇళ్ళ తలుపులు తట్టింది. ఎవరికి గర్భం పోయింది, ఎవరి బిడ్డకు లోపం ఉంది అన్నది ఇంటింటికీ తిరిగి రాసుకుంది. ఆ పేటలో అసలు అధ్యయనం ఆమెతోనే మొదలైంది. శాస్త్రవేత్తలు తరువాత వచ్చారు.

1985లో కాలిఫోర్నియా ఆరోగ్యశాఖ ఆ పేటలో గర్భస్రావాలు పోల్చిన మరో పేటకన్నా రెట్టింపుకు మించి ఉన్నాయనీ, పుట్టుకతో వచ్చే లోపాలు దాదాపు మూడింతలు ఉన్నాయనీ తేల్చింది. అయితే దానికి కారణం ఆ నీళ్ళేనని చెప్పలేమంది. అదే నీళ్ళు అందిన మరో పేటలో ఆ పెరుగుదల కనిపించలేదని తరువాతి అధ్యయనం చెప్పింది. 1986లో ఆ పేట వాసుల దావా బయటకు చెప్పని మొత్తానికి రాజీ అయింది.

మరి మన్ను సంగతి? 1989 జనవరి నుంచి 1990 ఏప్రిల్ దాకా, అంటే 16 నెలలపాటు, ఆ స్థలంలో 39 బావుల ద్వారా ఆవిరిని లాగారు. సుమారు 16 వేల పౌండ్లు, అంటే 7 వేల కిలోలకు పైగా ద్రావకాలు మన్నులోంచి బయటికి వచ్చాయి. బొగ్గు డ్రమ్ములతో వాటిని పట్టారు. భూగర్భ జలాన్ని తోడి శుద్ధిచేసే పని వేరుగా ఏళ్ళతరబడి సాగింది. ఇంజనీరింగ్ పుస్తకాల్లో ఇది విజయగాథగా చేరింది. దాన్ని నేను కాదనను.

కాని ఒక్క విషయం గమనించండి. మన్ను విషయంలో ఎన్ని బావులు తవ్వాలి, ఎన్ని కిలోలు తీయాలి, ఎప్పుడు ఆపాలి అన్నదానికి లెక్క ఉంది, బడ్జెట్ ఉంది, గడువు ఉంది. స్త్రీల గర్భాల విషయంలో మాత్రం "రుజువు కాలేదు" అన్నదే ముగింపు. నీళ్ళే కారణమని అధ్యయనం రుజువు చేయలేకపోయి ఉండవచ్చు, శాస్త్రానికి ఆ నిజాయితీ ఉండాలి. అయితే రుజువు లేకపోతే బాధ్యత కూడా లేదన్న తీర్పు శాస్త్రానిది కాదు, అది వ్యవస్థది. తల్లులు రుజువు చేయాలి, కంపెనీ కాదు. ఈ అమరికను మార్చకుండా ఎన్ని పంపులు తిప్పినా న్యాయం జరగదు.

గోడల లోపల కూడా ఇదే కథ. ఆ పరిశ్రమలో చిప్పులను కడిగి, అతికించే పనిలో ఎక్కువమంది ఫిలిప్పీన్స్, వియత్నాం, మెక్సికో దేశాల నుంచి వలస వచ్చిన స్త్రీలు. పని గదుల్లో గర్భస్రావాలు ఎక్కువగా ఉన్నాయని 1980ల మధ్యలో మాసచూసెట్స్‌లోని ఒక చిప్పుల కర్మాగారంలో జరిగిన అధ్యయనం చెబితే పరిశ్రమ నమ్మలేదు. తామే ఖర్చుపెట్టి చేయించిన అధ్యయనాలు కూడా 1992లో అదే మాట చెప్పాయి. గ్లైకాల్ ఈథర్లు అనే ద్రావకాలతో పనిచేసే స్త్రీలలో గర్భస్రావాలు ఎక్కువని తేలింది. అప్పుడు వాటిని మానేయడం మొదలుపెట్టారు. స్త్రీలు ముందే చెప్పిన మాట నమ్మడానికి అన్నేళ్ళు పట్టింది.

ఇంట్లోకి వచ్చే ఆవిరి

మన్నులోని ఆవిరి పైకే పోతుందని లేదు. నేలమీద ఇల్లు ఉంటే గచ్చు పగుళ్ళలోంచి, పైపులు దిగిన సందుల్లోంచి గదుల్లోకి వస్తుంది. వాసన తెలియనంత తక్కువ మోతాదులో కూడా రావచ్చు. రోజులో ఎక్కువ గంటలు ఇంట్లో ఉండేదెవరు? గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు, ముసలివాళ్ళు, ఇంటిపనీ ఇంట్లో చేసే కూలిపనీ రెండూ మోసే ఆడవాళ్ళు. ఫ్యాక్టరీ కార్మికుడికి ఎనిమిది గంటల లెక్క ఉంది. ఇంట్లోని స్త్రీ పీల్చే గంటలకు లెక్కే లేదు.

ట్రైక్లోరోఎథిలీన్ క్యాన్సర్ కలిగిస్తుందని అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 2011లో తేల్చింది. పిండం గుండె ఏర్పడే దశలో హాని చేసే ప్రమాదాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. ఆ గుండె ఏర్పడేది గర్భం నిలిచిన తొలి వారాల్లో. అంటే తనకు నెల తప్పిందన్న సంగతి ఆ స్త్రీకే ఇంకా సరిగా తెలియని రోజుల్లో. ఈ కారణంగానే కాలిఫోర్నియా ప్రాంతపు అధికారులు 2014లో, గర్భం ధరించే వయసు స్త్రీలను దృష్టిలో పెట్టుకుని, గదిలోని గాలిలో ఈ రసాయనం ఒక మోతాదు దాటితే వెంటనే చర్య తీసుకోవాలని నిర్దేశించారు. అప్పటిదాకా ప్రమాదాన్ని ఏళ్ళతరబడి పీల్చినవాళ్ళ సగటుతో కొలిచారు. స్త్రీ శరీరాన్ని కొలమానంగా తీసుకునేసరికి ఏళ్ళ లెక్క వారాల లెక్కయింది. విజ్ఞానశాస్త్రం తటస్థమని అనుకునేవాళ్ళు ఈ ఒక్క ఉదాహరణ చాలాసేపు ఆలోచించాలి.

ఇది గుడిసెల సమస్య మాత్రమే కాదు. మౌంటెన్‌వ్యూ అనే ఊళ్ళో పాత చిప్పుల ఫ్యాక్టరీల కింద మన్నునూ నీటినీ శుభ్రం చేసే పని 1980ల నుంచీ సాగుతోంది. ఆ నేలమీదే ఇళ్ళూ ఆఫీసులూ వెలిశాయి. గూగుల్ సంస్థ అద్దెకు తీసుకున్న రెండు భవనాల్లో, గాలి మార్పిడి వ్యవస్థలో మార్పులు జరుగుతున్న కాలంలో, 2012 చివరి నుంచి 2013 మొదటి వరకు సుమారు రెండు నెలలు ట్రైక్లోరోఎథిలీన్ పరిమితిని మించి ఉన్నట్టు బయటపడింది. ఆ లోయలో మన తెలుగు పిల్లలు వేల సంఖ్యలో ఉద్యోగాలు చేస్తున్నారు, కాపురాలున్నారు. అమెరికా వెళ్ళిన మన అమ్మాయి కూర్చునే కుర్చీ కింద ఏముందో ఇక్కడి తల్లికి తెలియదు. బహుశా ఆ అమ్మాయికీ తెలియదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. "గర్భిణులకు ప్రమాదం" అన్న మాట దొరికితే యాజమాన్యాలు గాలిని శుభ్రం చేయవు, స్త్రీలను ఉద్యోగంలోంచి శుభ్రం చేస్తాయి. అమెరికాలో బ్యాటరీల కంపెనీ జాన్సన్ కంట్రోల్స్, సీసం పిండానికి హాని అంటూ, పిల్లలు కనలేమని వైద్యపత్రం చూపించలేని స్త్రీలనందరినీ ఆ పనుల నుంచి తప్పించింది. అది వివక్షేనని 1991లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. మనం గుర్తుపెట్టుకోవలసింది ఇదే. కొలమానం స్త్రీ కావాలి, శిక్ష స్త్రీకి పడకూడదు. తీసెయ్యవలసింది విషాన్ని, ఆడమనిషిని కాదు.

'వేరే చోటు' చిరునామాలు

ఇక ఆమె అడిగిన అసలు ప్రశ్నకు వద్దాం. బొగ్గు నిండాక ఎక్కడికి పోతుంది?

మౌంటెన్‌వ్యూలో విషాన్ని పట్టిన బొగ్గు ఎటు పోతుందో 2014లో కొందరు పరిశోధనాత్మక పాత్రికేయులు వెంటపడి చూశారు. అది ఆరిజోనా ఎడారిలో పార్కర్ అనే ఊరి దగ్గర, కొలరాడో నది ఆదివాసుల రిజర్వేషన్ భూమిలో ఉన్న ఒక బట్టీకి చేరుతోంది. అక్కడ దాన్ని మళ్ళీ కాల్చి, విషాన్ని వదిలించి, తిరిగి వాడకానికి పంపుతారు. క్లోరిన్ ఉన్న రసాయనాలు కాలితే యాసిడ్ ఆవిర్లు వస్తాయి. కాల్చడం సరిగా లేకపోతే డయాక్సిన్లు కూడా పుడతాయి. కంప్యూటర్ యుగపు లాభాలు లోయలో మిగిలాయి, పొగ ఆదివాసుల నేలకు చేరింది. ఆ 'వేరే చోట' ఉన్నది వాళ్ళు.

మన దేశంలో ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఉంది. భోపాల్ యూనియన్ కార్బైడ్ ఆవరణలో దశాబ్దాలుగా పడి ఉన్న 337 టన్నుల విషవ్యర్థాలను 2025 జనవరి మొదట్లో సుమారు 250 కిలోమీటర్ల దూరంలోని పీథంపూర్‌కు లారీల్లో తరలించారు. పీథంపూర్ ప్రజలు వీధుల్లోకి వచ్చారు. అయినా ఆ ఏడాది మధ్యకల్లా వాటిని అక్కడ కాల్చేశారు. భోపాల్ పాపం కడిగేశామన్నట్టు వార్తలొచ్చాయి. ఫ్యాక్టరీ లోపలా, చుట్టూ ఉన్న మన్నూ నీళ్ళూ మాత్రం అలాగే ఉన్నాయి. ఆ నీళ్ళలో కార్బన్ టెట్రాక్లోరైడ్, క్లోరోఫాం ఉన్నాయని 1999లోనే గ్రీన్‌పీస్ పరీక్షల్లో తేలింది. ఇవి ఆవిరయ్యే కోవకు చెందిన రసాయనాలే. లారీకెక్కిన 337 టన్నులు కనిపించే విషం. నేలలో మిగిలింది కనిపించని విషం. ఫొటో తీయడానికి వీలున్నదాన్నే ప్రభుత్వాలు ముందు తరలిస్తాయి.

దశాబ్దాలుగా కాళ్ళరిగేలా ఢిల్లీకి నడిచిన భోపాల్ స్త్రీల పోరాటం పట్ల నాకు అపారమైన గౌరవం ఉంది. పీథంపూర్ స్త్రీల భయం పట్ల కూడా అంతే. ఒక చోటి స్త్రీల న్యాయమైన కోరికను మరో చోటి స్త్రీల నెత్తిన వేసి, ఇద్దరి మధ్యా తగాదా పెట్టి, విషం తయారుచేసినవాడు పక్కకు తప్పుకోవడం ఇందులోని రాజకీయం. "మా పెరట్లో వద్దు" అన్న నినాదం దగ్గర మనం ఆగిపోతే ఈ రాజకీయానికి మనమే పనిముట్లమవుతాం.

మన పటాన్‌చెరు

పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల కథ మన పాఠకులకు కొత్త కాదు. కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. 2001లో అది హైకోర్టుకు బదిలీ అయింది. నక్కవాగు రంగుమారి మంజీరలో కలవడం చూసిన తరం ఇంకా బతికే ఉంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో వేసిన లెక్కల్లో ఈ ప్రాంతం 70.07 మార్కులతో 'అత్యంత కలుషిత' జాబితాలో చేరింది.

ఫ్యాక్టరీలు వదిలే నీటిని ఒకచోట చేర్చి శుద్ధిచేస్తామని 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టారు. అప్పుడు కూడా మనకు ముచ్చటైన బొమ్మే చూపించారు. 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించిన పరీక్షల్లో, ఆ కేంద్రం 'శుద్ధిచేసి' వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. శుద్ధి అన్న మాట బోర్డుమీద ఉన్నంతమాత్రాన శుద్ధి జరగదని మనకు ఇంతకన్నా పాఠం అక్కరలేదు.

రేపు మన్ను శుద్ధి పేరుతో గొట్టాలు దింపేవాళ్ళు వచ్చినప్పుడు ఈ పాఠం గుర్తుండాలి. పటాన్‌చెరు నేలల్లో ఎర్రనేలా ఉంది, నల్లరేగడీ ఉంది. ఇక్రిశాట్‌ను అక్కడ పెట్టడానికి ఆ రెండు నేలలూ ఒకేచోట దొరకడం కూడా ఒక కారణం. తడిసిన రేగడిలో గాలి ఆడదని ఏ రైతుమహిళనడిగినా చెబుతుంది. కింద పగుళ్ళ రాయి, దాని సందుల్లో నీళ్ళు. ఆ నీళ్ళలో ఆర్సెనిక్ ఉన్నట్టు హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ పరిశోధకులే రాశారు. ఆర్సెనిక్ ఆవిరి కాదు. అంటే కాలిఫోర్నియా ఇసుకపొరల్లో 16 నెలల్లో సాధించింది ఇక్కడ అదే పద్ధతితో వస్తుందనుకోవడం పొరపాటు. కొన్ని చోట్ల ఉపయోగపడవచ్చు, మరికొన్ని చోట్ల డబ్బు ఖర్చు తప్ప ఫలితం ఉండకపోవచ్చు. ఏది ఎక్కడ అన్నది చెప్పాల్సింది మట్టి పరీక్షలు, కాంట్రాక్టరు కాదు.

ఈ మాట ఇప్పుడు ఎందుకంటే, 2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం కలుషిత స్థలాల నిర్వహణకు మొదటిసారి ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. కలుషితమైందని అనుమానమున్న స్థలాల వివరాలను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి నివేదించాలి. రాష్ట్ర మండలి పరీక్షలు చేయించాలి, బాధ్యులెవరో తేల్చాలి, శుభ్రం చేసే ఖర్చు వారినుంచే రాబట్టాలి. దేశంలో అప్పటికి గుర్తించిన కలుషిత స్థలాలు 103 అయితే, శుద్ధి మొదలైనవి 7 మాత్రమే. కాగితం మీద ఇది ముందడుగే. అయితే ఆరు నెలలకోసారి తయారయ్యే ఆ జాబితాలోకి ఏ స్థలం ఎక్కుతుంది? ఆఫీసు కుర్చీలోంచి కనిపించేదా, లేక ఫలానా బోరు వాసన వస్తోందని, ఫలానా గదిలో అద్దెకున్నవాళ్ళకు వరసగా గర్భాలు పోతున్నాయని ఆడవాళ్ళు నీళ్ళకాడ మాట్లాడుకునేదా?

మనం ఏం చేయాలి?

మిత్రులు కొందరు అంటారు, ఇలాంటి సాంకేతిక పద్ధతులన్నీ మోసమేనని, విషం పుట్టకుండా ఆపడం ఒక్కటే పరిష్కారమని. పుట్టకుండా ఆపాలన్నది నిజం. అమెరికా ప్రభుత్వం 2024 డిసెంబరులో ట్రైక్లోరోఎథిలీన్‌ను నిషేధిస్తూ నిబంధన తెచ్చింది. 2025లో దానిలో కొన్ని భాగాల అమలు వాయిదాపడింది. ఆపడం కూడా ఎంత పోరాటమో దీన్నిబట్టి తెలుస్తోంది. కాని ఇప్పటికే నేలలో ఉన్నదాని మీద ఇల్లు కట్టుకున్న స్త్రీకి మన సిద్ధాంతం ఊపిరాడనివ్వదు. ఆమెకు పంపు కావాలి, బొగ్గు కావాలి, పరీక్షలు కావాలి. అవి ఆమె అదుపులో ఉండాలి.

కాబట్టి మన సంఘాలు, సంస్థలు కొన్ని పనులు వెంటనే మొదలుపెట్టవచ్చని నా అభిప్రాయం. మొదటిది, ప్రతి పారిశ్రామికవాడ చుట్టూ స్త్రీల చేత ఇంటింటి రికార్డు రాయించడం. నీళ్ళ వాసన, గర్భస్రావాలు, పిల్లల జబ్బులు, ఎవరు ఏ పని గదిలో పనిచేశారన్నది తేదీలతో. శాన్ హోసేలో ఆ గృహిణి చేసింది ఇదే. అది రుజువు కాకపోవచ్చు, కాని పరీక్ష ఎక్కడ చేయాలో చూపించే దారి. పేర్లు మాత్రం ఆ స్త్రీల అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. రెండోది, ఆ రికార్డు ఆధారంగా జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అనుమానిత స్థలాల జాబితాను సమాచార హక్కు చట్టం కింద తెప్పించుకోవడం.

మూడోది, ఎక్కడైనా మన్ను శుద్ధి మొదలైతే ఈ ప్రశ్నలకు తెలుగులో, కాగితం మీద జవాబు అడగడం. ఏయే రసాయనాలను తీస్తారు, ఏవి మిగిలిపోతాయి? గొట్టం చివర గాలిని ఎవరు, ఎన్ని రోజులకోసారి పరీక్షిస్తారు? చుట్టుపక్కల ఇళ్ళ లోపలి గాలిని పరీక్షిస్తారా, గర్భిణిని కొలమానంగా తీసుకుంటారా? నిండిన బొగ్గు ఏ ఊరికి పోతుంది? పంపు ఆపాక కొన్ని నెలల తరువాత మళ్ళీ పరీక్ష చేస్తారా? పని అయిపోయిందని సంతకం పెట్టేవాళ్ళలో ఆ బస్తీ స్త్రీలు ఉంటారా?

నాలుగోది కష్టమైనది. బొగ్గు పోయే ఊరి పేరు తెలిశాక ఆ ఊరి స్త్రీలకు మనమే కబురు పెట్టాలి. మన విషం మీ దగ్గరికి వస్తోంది, రండి కలిసి అడుగుదాం అని. ఇలా చేస్తే మన పని ఆలస్యం కావచ్చు. మన బస్తీ వాళ్ళకే మన మీద కోపం రావచ్చు. అయినా తప్పదు. లేకపోతే మనం చేసింది విషం చిరునామా మార్చడమే అవుతుంది.

ఆ రోజు శిక్షణ తరగతి ముగిశాక హాజరు పట్టికలో సంతకాలు తీసుకున్నారు. ఆమె వేలిముద్ర వేసి వెళ్ళిపోయింది. నివేదికలో "పాల్గొన్నవారు పద్ధతి గురించి అవగాహన పొందారు" అని ఒక వాక్యం ఉంది. ఆమె ప్రశ్న లేదు. ఆ నివేదిక రాసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని కాబట్టి ఆ తప్పు నాది కూడా. ఇకమీదట మన నివేదికల్లో అవగాహన గురించి ఒక వాక్యం తగ్గినా ఫరవాలేదు, వెనక వరసలోంచి వచ్చిన ప్రశ్నలను మాత్రం అడిగినవాళ్ళ మాటల్లోనే రాద్దాం.